గొట్టా నుంచి మూలపేట దాకా: నీటి వెంట ఒక రోజు

సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక రోజంతా నీటి వెంట తిరిగి వద్దామని బయలుదేరాం. శ్రీకాకుళం జిల్లాలో వంశధార నీరు గొట్టా దగ్గర కాలువలో పడుతుంది. ఆ కాలువ టెక్కలి మీదుగా పలాస వైపు సాగుతుంది. కాలువకు దిగువన చెరువులు, చెరువులకు దిగువన తంపర, తంపరకు దిగువన ఉప్పుటేరు, ఆపైన సముద్రం. ఈ దారి పొడుగునా నీటి మీద బతికేవాళ్ళెవరు, ప్రభుత్వ కాగితాల్లో ఎక్కినవాళ్ళెవరు, ఇది చూసి మన కూలీ సోదరులకు చెప్పాలన్నదే మా ఉద్దేశం.

రెండు మోటారు సైకిళ్ళు, నలుగురు మనుషులం. హైవే వదిలేసి గట్ల మీద, డొంకదారుల్లో పోవాలని ముందే అనుకున్నాం. "తారురోడ్డు మీద పోతే దాబాలు కనపడతాయి, గట్టు మీద పోతే ఊళ్ళు కనపడతాయి" అన్నాడు మాతో వచ్చిన కూలిసంఘం కార్యకర్త. సాయంత్రానికి ఆ మాట ఎంత నిజమో మాకు తెలిసివచ్చింది.

గొట్టా గేట్ల దగ్గర

పొద్దున్న ఆరు గంటలకు మంచు ఇంకా విడలేదు. గొట్టా బ్యారేజీ మీద నిలబడితే అవతలి గట్టు కనపడలేదు. వంశధార ఒరిస్సా కొండల్లో పుట్టి, రెండు రాష్ట్రాల్లోనూ పారి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ నీటి కోసం రెండు రాష్ట్రాల మధ్య 1962లో ఒడంబడిక జరిగింది. తరువాత పేచీ వచ్చింది. 2010లో ట్రిబ్యునల్ వేశారు. 2017లో తీర్పు వచ్చింది. ఇంత కథ నడిచింది కనుక నదిలో ప్రతి గండి నీటికీ లెక్క ఉంది. ఎన్ని టీఎంసీలు, ఎవరి వాటా ఎంత, అంతా కాగితం మీద ఉంది.

దగ్గర్లోనే హిరమండలం రిజర్వాయరు. దీనికోసం ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన కలిశాడు. తమ ఊరు ఇప్పుడు నీళ్ళ అడుగున ఉందని చెప్పాడు. భూమి ఉందా మామా అని అడిగాం.

"బూవెక్కడిది బావూ! రైతుల దగ్గర కూలికెల్లీవోణ్ణి. బూమున్నోలికి బూమి డబ్బులిచ్చినారు. నాకు ఇంటికిచ్చినారు. ఇల్లు కట్టుకున్నాను. మరి పనో? పనిచ్చీ రైతులు తలో దిక్కూ ఎల్లిపోనారు. నానెవుల దగ్గరకెల్లాల?"

ఈ ప్రశ్న మా వెంట రోజంతా వచ్చింది. భూమి పోయినవాడికి భూమి ధర ఉంటుంది. పని పోయినవాడికి ధర ఏది?

ఇదే రిజర్వాయరు నీటిని గొట్టాల ద్వారా ఉద్దానానికి తీసుకుపోయే మంచినీటి పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. అదే రోజు పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని కూడా తెరిచారు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే పేదలను కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి పొట్టన పెట్టుకుంది. జబ్బుకు కారణం ఇదేనని వైద్యులు ఇంకా గట్టిగా తేల్చలేదు. కాని మంచినీరు ఇవ్వండని అక్కడి జనం ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. అడిగారు కనుకే నీళ్ళు వచ్చాయి. ఈ సంగతి మనం మరిచిపోరాదు.

కాలువ గట్టు మీద

ఎడమ కాలువ వంద కిలోమీటర్లకు పైబడిన కాలువ. దీని కింద ఆయకట్టు దాదాపు లక్షా 48 వేల ఎకరాలని రికార్డులు చెబుతాయి. పైన మదుముల దగ్గర పొలాలు పచ్చగా ఉంటాయి. కిందికి పోయినకొద్దీ రంగు మారుతుంది. గట్టు మీద బండి తోసుకుంటూ పోతుంటే మాకూ ఆ తేడా కనపడింది. ఒకచోట గట్టు కోసుకుపోయింది. ఒకచోట తూము తలుపు తుప్పుపట్టి విరిగింది. ఒకచోట పిల్లకాలువ పూర్తిగా పూడిపోయి మేకలు మేస్తున్నాయి.

టెక్కలి దాటిన తరువాత శివారు ఊళ్ళలో ఒక కళ్ళం దగ్గర ఆగాం. అక్కడ గడ్డి మోపులు కడుతున్న ఆడవాళ్ళు మాటల్లో పెట్టారు.

"నీరొస్తాదని నారు పోసీసినాం. నీరొచ్చీసరికి నారు ముదిరిపోనాది. ఉడుపులు సగం మడులే అయినాయి. సగం మడులుంటే మాకు సగం రోజులే కూలి."

శివారు భూమికి నీరందకపోతే రైతు నష్టపోయాడని పేపర్లో రాస్తాం. నిజమే, చిన్న రైతు నష్టపోతాడు. కాని ఉడుపు తప్పితే ఆ ఊరి కూలి ఆడదానికి ఉడుపు కూలీ, కలుపు కూలీ, కోత కూలీ మూడూ తప్పుతాయి. పంట నష్టం రాసే గుమస్తా పట్టాదారు పేరు రాస్తాడు. కౌలుదారు పేరు రాస్తే గొప్ప. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం మీద కౌలుదారుకు కార్డు ఇమ్మంటుంది. దానికీ భూయజమాని సంతకం కావాలి. సంతకం పెట్టే యజమాని ఎంతమంది ఉన్నారో శివారు ఊళ్ళలో అడిగి చూడండి. ఇక కూలీకి కార్డూ లేదు, కాగితమూ లేదు.

తేలినీలాపురం చెరువు

మధ్యాహ్నం తేలినీలాపురం చేరాం. టెక్కలి మండలంలోని ఈ చిన్న ఊరు పక్షుల వల్ల దేశమంతా తెలిసింది. చలికాలం ముందు పెలికాన్ పక్షులు, రంగు కొంగలు వచ్చి, చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. చింతచెట్ల మీద గూళ్ళు కిక్కిరిసి ఉన్నాయి. పిల్లల అరుపులతో ఊరు మోగిపోతోంది. కింద కంపు కూడా ఉంది. కాని ఆ ఊరివాళ్ళు దాన్ని కంపు అనరు.

"అవి రాని ఏడు ఊరికి మంచిది కాదు బావూ" అంది ఒక మామ్మ. పక్షి రెట్ట చెరువులో పడితే ఆ నీరు పొలానికి ఎరువని రైతు చెప్పాడు. పిల్లలు కూడా వాటి మీద రాయి వెయ్యరు. ఏ గార్డు కాపలా లేని రోజుల్లోనూ ఈ పక్షులను కాపాడింది ఊరి జనమే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పక్షి గూడు తేలినీలాపురంలో ఉంది. పక్షి తిండి మాత్రం ఇక్కడ లేదు. పొద్దున్నే లేచి తంపరకు, నౌపడ చిత్తడికి, ఉప్పుటేటికి ఎగిరిపోయి చేపలు పట్టుకొస్తుంది. అంటే చెట్టును కాపాడి తంపరను పూడ్చేస్తే పక్షి బతకదు. కూలీ సంగతీ అంతే. కాలనీలో ఇల్లు కట్టించి, అతని పని దొరికే చోటు తీసేస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

నౌపడ ఉప్పు

అక్కడినుంచి డొంకదారిన నౌపడ వైపు పోయాం. దారికి రెండు పక్కలా ఉప్పు మడులు. మడుల మధ్య గట్లు, గట్ల మీద తాటాకు కప్పిన పాత ఉప్పు కుప్పలు. నౌపడ ఉప్పు పేరు పాతది. ఇక్కడినుంచే పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నడవడం మొదలుపెట్టింది. అదే ఇప్పుడు గుణుపురం దాకా పెద్ద లైను అయింది. తెల్లదొరల కాలంలో ఉప్పు మీద పన్ను వేస్తే 1930లో ఈ తీరంలోనూ జనం చట్టాన్ని ధిక్కరించి ఉప్పు వండారు.

ఆ ఉప్పును ఇప్పటికీ కూలీయే తీస్తున్నాడు. ముందు మడిలో బురద తొక్కి అడుగు గట్టిపరచాలి. ఏటి నీరు పెద్ద మడిలోకి వదలాలి. అది చిక్కబడ్డాక చిన్న మడిలోకి మళ్ళించాలి. ఎండకు పేరిన ఉప్పును కర్రపలకతో లాగి గట్టుకు చేర్చాలి. తట్టలతో మోసి కుప్ప పెట్టాలి. మేము వెళ్ళిన రోజున మడులు తొక్కుతున్నారు. మగా ఆడా అందరికీ మోకాళ్ళ దాకా బురద. కాళ్ళు పగిలి పుళ్ళు పడ్డ మనిషి ఒకతను కాళ్ళకు నూనె గుడ్డలు చుట్టుకున్నాడు.

"వానొస్తే పని నేదు. ఎండుంటేనే పని. ఎండలో పనికి నీడ నేదు" అన్నాడు.

ఈ భూమి చాలావరకు కేంద్ర ప్రభుత్వ ఉప్పు శాఖది. కౌలుకు తీసుకున్నవాడి పేరు రికార్డులో ఉంటుంది. కూలీ పేరు మేస్త్రి పుస్తకంలో మాత్రమే ఉంటుంది. రేపు ఈ భూమి మరో పనికి తీసుకుంటే కౌలు కాగితం ఉన్నవాడు ఆఫీసుకు వెళతాడు. మేస్త్రి పుస్తకం పట్టుకుని కూలీ ఏ ఆఫీసుకు వెళతాడు?

తంపర: "పనికిరాని భూమి"

కాకరాపల్లి వైపు పోయేసరికి పొద్దు వాలింది. తంపర అంటే ఈ ప్రాంతపు మాట. ఏడాదిలో ఎక్కువ భాగం నీరు నిలిచే పల్లపు భూమి. సోంపేట వైపు దీన్నే బీల అంటారు. రెవెన్యూ పుస్తకంలో దీనికి పెట్టిన పేరు వేరు. పనికిరాని భూమి, బంజరు, పోరంబోకు అని రాస్తారు.

ఆ పనికిరాని భూమిలో ఏముందో అక్కడి జనాన్నే అడిగాం. గడ్డి ఉంది, పశువులు మేస్తాయి. చేపలు, రొయ్యలు ఉన్నాయి, వలవేసి పట్టుకుంటారు. తుంగ ఉంది, చాపలు అల్లుతారు. జమ్ము ఉంది, ఇల్లు కప్పుకుంటారు. అంచుల్లో వరి పండుతుంది. తుఫాను వచ్చినప్పుడు పైనుంచి దిగిన వరద నీరంతా ఇందులో నిలిచి, మెల్లగా ఏటిలోకి పోతుంది. తంపర లేకపోతే ఆ నీరు ఊళ్ళ మీద పడుతుంది. పట్టా లేని కుటుంబానికి ఇంతకంటే పెద్ద ఆస్తి ఏముంది?

2008లో ప్రభుత్వం ఈ తంపరను ఒక ప్రైవేటు కంపెనీ బొగ్గు కరెంటు కేంద్రానికి కేటాయించింది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు, జాలర్లు, కూలీలు కలిసి వద్దన్నారు. నెలల తరబడి నిరాహారదీక్షలు చేశారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. వడ్డితాండ్రలో ఇళ్ళు తగలబడ్డాయి. దీనికి ఏడు నెలల ముందు, 2010 జులై 14న, సోంపేట బీల కోసం పోరాడిన జనం మీద కూడా కాల్పులు జరిగాయి. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ళ సంస్థ సోంపేట కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. తీర్పు వచ్చిన రోజునే తూటా కూడా వచ్చింది.

ఇంకో సంగతి. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు పంజాబుకు చెందిన జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. ఊరి చెరువులు, ఉమ్మడి భూములు ఆక్రమించినవాళ్ళను ఖాళీ చేయించి వాటిని గ్రామానికి తిరిగి అప్పగించాలని అన్ని రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఆదేశించింది. ఆ తీర్పు వచ్చి సరిగ్గా నెల తిరిగేసరికి కాకరాపల్లిలో కాల్పులు జరిగాయి. పేదవాడు ఉమ్మడి భూమిలో గుడిసె వేస్తే అది ఆక్రమణ. ప్రభుత్వమే ఉమ్మడి భూమిని కంపెనీకి రాసిస్తే అది అభివృద్ధి. ఈ న్యాయం ఎవరిదో పాఠకులే తేల్చుకోవచ్చు.

ఈ గడ్డ మీద ఈ పోరాటం కొత్తది కాదు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందస జమీనులో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసులు రైతుల మీద కాల్చారు. జమీందారు అడవిలో కట్టె కొట్టుకున్నారన్నదే వారి నేరం. అడ్డుపడిన సాసుమాను గున్నమ్మ నేలకొరిగింది. ఆమెను ఇప్పటికీ వీర గున్నమ్మ అని తలుచుకుంటారు. ఆనాడు అడవి కట్టె, ఈనాడు తంపర చేప. పేదవాడి చెయ్యి ఉమ్మడి సొత్తు మీద పడితే తుపాకి లేస్తుంది.

మూలపేట

చీకటి పడకముందే మూలపేట చేరాం. రాళ్ళ లారీలు లేపిన దుమ్ము దారి చెట్ల మీద తెల్లగా పేరుకుంది. ఇక్కడ పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేశారు. అంతకుముందు దీన్ని భావనపాడు పోర్టు అనేవారు. అంచనా ఖర్చు 4,362 కోట్ల రూపాయలు. నాలుగు బెర్తులు, ఏడాదికి రెండు కోట్ల 35 లక్షల టన్నుల సరుకు అని లెక్క చెప్పారు. మూలపేట, విష్ణుచక్రం ఊళ్ళ కుటుంబాలకు నౌపడ దగ్గర పునరావాసం అన్నారు.

పోర్టు వస్తే పని వస్తుందని ఆశించే యువకులు ఊళ్ళో ఉన్నారు. ఆ ఆశను మేము తక్కువ చెయ్యం. ఈ జిల్లా మనిషి పని కోసం చెన్నై, హైదరాబాదు, బెజవాడ పోతున్నాడు. జాలరి ఇంకా దూరం పోతున్నాడు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు పోయి పాకిస్తాన్ చేతికి చిక్కిన ఆంధ్ర జాలర్లు 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. మన తీరంలో చిన్న జెట్టీలు, ఐసు గదులు ఉండి ఉంటే వాళ్ళు అరేబియా సముద్రం దాకా ఎందుకు పోతారు? ఇంటి దగ్గర పని దొరికితే ఎవరికి చేదు?

అయితే ఆ పని ఎవరికి, ఏ షరతు మీద? ఊరి చివర వల బాగుచేసుకుంటున్న ఒక జాలరి దగ్గర కూర్చున్నాం. పక్కనే అతని భార్య ఎండుచేపలు ఎత్తుతోంది. మేం అడగకముందే ఆమే అందుకుంది.

"బూమున్నోలికి ఎకరానికింతని కట్టినారు. ఇల్లున్నోలికి ఇంటికింతని కట్టినారు. ఏటిలో పీతలు పట్టి టెక్కలి సంతలో అమ్ముకున్నదాన్ని నాను. ఏటికి ఎకరాలున్నాయేటి? నా పేరు ఎవులు రాస్తారు?"

ఆమె భర్త తల ఎత్తకుండానే అన్నాడు: "కాగితం నేకపోతే మనిసి నేనట్టే."

గొట్టాలో టీ కొట్టు దగ్గర పెద్దాయన అడిగిన ప్రశ్నే ఇది. నది మొదట్లో విన్నాం, సముద్రం ఒడ్డున విన్నాం.

చట్టంలో ఏముంది?

ఆ రాత్రి నౌపడ స్టేషన్లో కూర్చుని మేం మాట్లాడుకున్నది ఇదే. నిజానికి 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టం భూమి లేనివాడిని కూడా గుర్తించింది. బాధిత కుటుంబం అంటే పట్టాదారు ఒక్కడే కాదని చెప్పింది. సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, దాని మీదే ప్రధానంగా బతుకుతున్న వ్యవసాయ కూలీ, కౌలుదారు, పాలికాపు, చేతివృత్తివాడు కూడా బాధితుడే. మూడేళ్ళుగా నీటి వనరుల మీద బతికే జాలరి, పడవ నడిపేవాడూ బాధితుడే. అలాంటి కుటుంబానికి ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదా 20 ఏళ్ళ పాటు నెలకు 2 వేలకు తగ్గకుండా భృతి, ఈ మూడింటిలో ఒకటి కోరుకునే హక్కుంది. భూమి నుంచి ఖాళీ చేయించబడిన కుటుంబానికి ఏడాది పాటు నెలకు 3 వేలు జీవనభృతి కూడా ఉంది.

మరి మన జనానికి ఎందుకు అందదు? రెండు దారులున్నాయి తప్పించుకోవడానికి. మొదటిది, ప్రభుత్వ భూమిని ప్రభుత్వమే కేటాయిస్తే అందులో "సేకరణ" అన్న మాటే రాదు. తంపరకు జరిగింది అదే. రెండోది, పేరు రాసేరోజున మన పేరు ఎవరూ చెప్పరు. గ్రామసభలో పట్టాదారులు ముందు వరసలో కూర్చుంటారు. కూలివాళ్ళు పనికి పోయి ఉంటారు. సాయంత్రానికి జాబితా మూసేస్తారు.

కాబట్టి మన సంఘాలు ముందే చెయ్యవలసిన పని ఒకటుంది. పోర్టో, రోడ్డో, ఫ్యాక్టరీయో రాకముందే ప్రతి ఊళ్ళో ఎవరు దేని మీద బతుకుతున్నారో మనమే రాసుకోవాలి. ఎవరు ఏ మడిలో ఉప్పు తీస్తారు, ఎవరు ఏ ఏటిలో వల వేస్తారు, ఎవరు ఏ తంపరలో గడ్డి కోస్తారు, ఎన్నేళ్ళుగా చేస్తున్నారు. ఉపాధి హామీ జాబ్ కార్డు, రేషన్ కార్డు, మత్స్యకార సంఘం సభ్యత్వం, మేస్త్రి పుస్తకం నకలు, ఇవన్నీ జతచేయాలి. ఆ జాబితాను గ్రామసభలో చదివించి తీర్మానం చేయించాలి. తీర్మానం నకలు ఒకటి సంఘం దగ్గర ఉండాలి. గ్రామసభ పొద్దున్న పెడితే కూలీ రాలేడు, సాయంత్రం పెట్టమని పట్టుబట్టాలి. ఆడవాళ్ళ పేర్లు వేరుగా రాయాలి. పీతలు పట్టేది భార్య అయితే భర్త పేరు రాసి సరిపెట్టరాదు.

పాలకులను మనం అడగవలసినవి ఇవి. తంపరలు, బీలలను బంజరు అని రాయడం మానాలి. అవి ఎవరెవరి బతుకుతెరువో రికార్డులో ఎక్కించాలి. ప్రభుత్వ భూమి కేటాయించినా దాని మీద బతికేవారికి 2013 చట్టం కింద ఇచ్చేవన్నీ ఇవ్వాలి. వంశధార శివారు కాలువలు బాగుచెయ్యాలి. మూలపేట పోర్టు పనుల్లోనూ, తరువాత పోర్టులోనూ మొదటి హక్కు స్థానిక భూమిలేని కుటుంబాలదని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

తిరుగు రైలు ఎక్కేముందు మూలపేట ఆమెకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. వచ్చేనెల గ్రామసభకు మనవాళ్ళు వస్తారని, ఆమె పేరు జాబితాలో రాయిస్తారని చెప్పి వచ్చాం. ఆమె నవ్వి, "రాసింతర్వాత నాకోపాలి సదివి వినిపించండి బావూ" అంది. టెక్కలి, సంతబొమ్మాళి ప్రాంతపు కార్యకర్తలు ఈ మాట తమతో అన్నదిగా తీసుకోవాలని మనవి.